సీషెల్స్ పడవలో వారం రోజులు, పన్నెండు బీన్స్ డబ్బాలు

సీషెల్స్‌లో పడవ అద్దెకు తీసుకుందామనుకునేవాళ్లు ముందు ఈ ఒక్క ముక్క వినండి. బుకింగ్ ఫారంలో ఎక్కడో అడుగున "వంట సరుకులు మేమే నింపి పెడతాం" అని ఒక గడి ఉంటుంది. దాని జోలికి పోకండి. నేను పోయాను. మనిషికి 160 యూరోలు, ఐదుగురికి 800 వదిలింది.

ఐదుగురం అంటే నేను, మా ఆవిడ, బావమరిది, అతని భార్య, మా మామగారు. సెప్టెంబరు చివరి వారం. నలభై అడుగుల కాటమరాన్‌కి (రెండు పడవల్ని పక్కపక్కన కలిపినట్టుండే పడవ) వారానికి 5,200 యూరోలు, కెప్టెన్‌కి రోజుకు 180, అతని తిండి కూడా మనదే. వీటి మీద నాకు ఏ పేచీ లేదు. శుక్రవారం సాయంత్రం మాహే దీవిలో పడవెక్కి అట్టపెట్టెలు విప్పాం. ఫ్రోజెన్ పిజ్జాలు, సాసేజ్‌లు, బ్రెడ్డు, పన్నెండు బీన్స్ డబ్బాలు, మైనం పూసిన ఆపిల్స్, కిలో బియ్యం. ఎటు చూసినా కొబ్బరిచెట్లే ఉన్న దేశంలో మాకొక్క కొబ్బరికాయ పెట్టలేదు! పెట్టె అడుగున సూపర్‌మార్కెట్ బిల్లు తీయడం మరిచిపోయారు: 4,900 సీషెల్స్ రూపాయలు. యూరోకి పదహారు లెక్కేసుకున్నా మూడొందల యూరోల పైచిలుకు. ఆ బిల్లు పట్టుకెళ్లి ఆఫీసులో అమ్మాయికి చూపిస్తే, "సర్వీసు చార్జీలుంటాయి కదా" అంది, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

"వీటికోసం ఇంత దూరం రావాలా అల్లుడుగారూ?" అన్నారు మామగారు. అంతే, ఆ రాత్రి మళ్లీ నోరు విప్పలేదు. ఆయన అరిచినా బాగుండేది.

మమ్మల్ని గట్టెక్కించింది కెప్టెన్. ఆ దీవుల్లోనే పుట్టిన మనిషి. పెట్టెల వైపు చూసి నవ్వి, పొద్దున్నే ఆరింటికి రాజధాని విక్టోరియాలోని సెల్విన్ క్లార్క్ మార్కెట్‌కి తీసుకెళ్లాడు. శనివారం మధ్యాహ్నానికల్లా సర్దేస్తారు, ఆదివారం తెరవరు, కాబట్టి ఆలస్యం చేస్తే సోమవారం దాకా పిజ్జాలే గతి. మూడు కిలోల ఎర్ర చేప (అక్కడ బుర్జువా అంటారు) 450 రూపాయలు. సీమపనస కాయలు రెండు, వంద. అరటి గెలలో సగం, బొప్పాయి, పచ్చిమిర్చి, ఐదు కొబ్బరికాయలు, దాల్చిన ఆకులు అన్నీ కలిపి ఇంకో 400. చింతపండు ఊళ్లో తమిళుల దుకాణంలో దొరికింది. వాళ్ల రూపాయి మనకి ఆరు రూపాయలు పడుతుంది, చవకేం కాదు. కానీ చేప మొప్పలు ఎత్తి చూసిన మామగారి మొహం చూశాక నేను లెక్క అడగడం మానేశాను.

పక్క దీవి ప్రాలిన్ దాకా ఐదు గంటలు. ఆగ్నేయపు గాలి ఇంకా తగ్గలేదు, పడవ ఊగుతూనే ఉంది. పడవ నడుస్తుండగా పొయ్యి వెలిగించొద్దని కెప్టెన్ ముందే చెప్పాడు. మా బావమరిది వినకుండా టీ పెట్టి చెయ్యి కాల్చుకున్నాడు, ఆ సాయంత్రమంతా భార్యాభర్తలకు మాటల్లేవు. అక్కడి ఆన్స్ లాజియో తీరం దగ్గర, కొండ చాటున లంగరేశాక గానీ వంట మొదలవలేదు.

సీమపనస కాల్చడం నాకు కొత్త. వంకాయ పచ్చడికి కాల్చినట్టే, నేరుగా మంట మీద పెట్టి తిప్పుతూ ఉండాలి. దగ్గర దగ్గర గంట పడుతుంది. తొక్క బొగ్గయ్యాక చీలిస్తే లోపల ఉడికిన బంగాళాదుంపకీ రొట్టెకీ మధ్యలో ఏదో, పొగ వాసనతో. సీమపనస తిన్నవాడు మళ్లీ ఈ దీవులకు వస్తాడని అక్కడ సామెత. మా ఆవిడ రెండో కాయని కొబ్బరినూనెలో వేపుడు చేసింది. సామెత ఆ వేపుడుకే వర్తిస్తుందని నా ఉద్దేశం. చేపని మామగారు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. చింతపండు పులుసు, చివర్లో చిక్కటి కొబ్బరిపాలు. పడవ కత్తి మొద్దుది, కోరాము లేనే లేదు, కొబ్బరిని చెంచాతో గీకాం. అయినా గిన్నె ఖాళీ.

తర్వాతి రెండు రోజులు కూరియస్ దీవిలో తాబేళ్లు, ప్రాలిన్‌లో వలే ద మే అడవి. చూడదగ్గవే. కూరియస్ మెరైన్ పార్కు కాబట్టి గాలం వేయకూడదు, ఆశలు పెట్టుకోకండి.

లా దీగ్ దీవి రేవులో ఒక జాలరి దగ్గర రెండు కిలోల ఆక్టోపస్ 400 రూపాయలకు కొన్నాం. దాన్ని బాగా చితక్కొడితే గానీ మెత్తబడదన్నాడు కెప్టెన్. పడవలో రోకలెక్కడిది? మామగారు అటూ ఇటూ చూసి, బీన్స్ డబ్బా ఒకటి తీసుకుని వెనకమెట్ల మీద కూర్చుని పావుగంట సేపు దంచారు. పోయిన మాటలన్నీ అప్పుడు తిరిగొచ్చాయి, ఎక్కువభాగం ఆ ఆఫీసు అమ్మాయి గురించే. ముక్కల్ని ముందు ఉడికించి, ఉల్లి, వెల్లుల్లి, అల్లం, పసుపు, దాల్చిన ఆకులు, కొబ్బరిపాలతో కెప్టెన్ కూర వండాడు. ఆక్టోపస్ ముట్టనని ఒట్టేసిన మా చెల్లెలు (బావమరిది భార్య) మూడుసార్లు వడ్డించుకుంది. గెలలోని అరటిపళ్లన్నీ ఒకేరోజు మగ్గిపోతే వాటిని కొబ్బరిపాలు, పంచదార, జాజికాయతో ఉడికించి "లదోబ్" చేశాడు. మన పాయసానికి దూరపు చుట్టం. నాకైతే కొంచెం తీపెక్కువైంది.

గిన్నెలు ముందు సముద్రపు నీళ్లతో తోమి, చివర్లో మాత్రం ట్యాంకు నీళ్లు పోయండి. మేం మూడో రోజుకి సగం ట్యాంకు ఖాళీ చేసి కెప్టెన్ దగ్గర చీవాట్లు తిన్నాం.

తిరిగి మాహే చేరాక పిజ్జాలు, డబ్బాలు అలాగే ఉన్నాయి. వాపసు తీసుకోం, పడవలోనే వదిలేయండన్నారు. టాక్సీ కోసం నిలబడి ఉంటే పక్క పడవలోకి కొత్తవాళ్ల అట్టపెట్టెలు ఎక్కిస్తున్నారు. అందులో పైన, ఒక పక్క సొట్టపోయి, బీన్స్ డబ్బా. మామగారే ముందు గుర్తుపట్టారు.