రోజూ అరగంటా, ఆదివారం నాలుగు గంటలా?

కథ రాయడానికి రెండూ చేసి చూశాను. ఆదివారం సాయంత్రం మా విశాఖ ఆర్కే బీచ్‌కి నోట్‌బుక్ పట్టుకెళ్తే, వారమంతా దాచుకున్న టెన్షన్ ఆ నాలుగు గంటల మీదే పడి, మొదటి పేరా పదిసార్లు కొట్టేసి, నాకసలు రాయడం రాదేమో అనుకుంటూ మూరీ మిక్చర్ తినేసి ఇంటికొచ్చేవాణ్ని. (మిక్చర్ మాత్రం బాగుండేది.)

రోజూ అరగంట అలా కాదు. ఇవాళ చెత్తగా వచ్చిందా, పోనీ, రేపుంది కదా. గాజువాక బస్సులో సీటు దొరికితే ఫోన్లోనే నాలుగు వాక్యాలు, దిద్దడం తర్వాత. రావిశాస్త్రి ఈ ఊళ్లోనే వకీలుగా కోర్టు పనులు చూసుకుంటూ అన్ని కథలు రాశారు, మనకి ఖాళీ లేదంటే ఎలా? కాకపోతే పూర్తయిన కథని తిరగరాయడానికి ఆ పొడుగాటి ఆదివారమే కావాలి, ముక్కలుగా దిద్దితే కథ గొంతు మారిపోతోంది.