సూట్‌కేసుతో 143 మెట్లు

అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు. మా అమ్మ 68 ఏళ్ళ వయసులోనూ ఏడాదికోసారి ఎక్కుతుంది. అందుకే క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్‌లో ఇల్లు బుక్ చేసేటప్పుడు మెట్ల సంగతి నాకు తట్టనే లేదు.

ముందు ప్లానింగ్ గురించి. తిరుపతిలో ఒక ట్రావెల్ ఏజెంటు ‘పదకొండు రోజులు, ఆరు దేశాలు’ అని రంగుల కాగితం చేతిలో పెట్టాడు. ఏ దేశం వీసా తొందరగా దొరికితే దానికే వేసేద్దాం, హోటల్ బుకింగులు చూపించి తర్వాత క్యాన్సిల్ చేద్దాం అన్నాడు. కానీ ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే అప్లై చేయాలన్నది షెంగెన్ (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల కూటమి) రూలు. ఆ మాటంటే “మీకెందుకు సార్ టెన్షన్” అన్నాడు. వీసా రాకపోతే టెన్షన్ నాకు కాక ఆయనకా? అడ్వాన్సు 15,000 వదులుకుని బయటపడ్డాను.

చివరికి నేనే కూర్చుని రెండు దేశాలకు కుదించాను. ఇటలీలో ఆరు రాత్రులు, ఓడలో ఒకటి, క్రొయేషియాలో ఐదు. క్రొయేషియా 2023 జనవరి 1న షెంగెన్‌లోనూ యూరోలోనూ చేరింది కాబట్టి ఒకే వీసా, ఒకే డబ్బు. వీసా ఫీజు మనిషికి 90 యూరోలు. ఇన్సూరెన్సు 30,000 యూరోలకు తక్కువ కాకూడదు. మా ఆవిడ మోస్టార్ వంతెన చూడాలంది. అదేమో బోస్నియాలో ఉంది, షెంగెన్ కాదు. సింగిల్ ఎంట్రీ వీసాతో అటు దాటితే మళ్ళీ ఇటు రానివ్వరని చెప్పాను. “నేనడిగిందే కుదరదు” అని రెండు రోజులు ముభావంగా ఉంది.

రోమ్ మూడు రోజులూ హాయిగా గడిచిపోయాయి. కొలోసియం 18 యూరోలు, మన 300 రూపాయల దర్శనం లాగే టైం స్లాటు. వీధి కుళాయిల్లో మంచినీళ్ళు ఉచితం, బాటిళ్ళు కొనకండి.

ఇటలీలోనే ఉన్న బారి గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. సముద్రం ఒడ్డున పాత ఊళ్ళో ఒక సందు నిండా ఆడవాళ్ళు గుమ్మాల ముందు బల్లలు వేసుకుని, రవ్వపిండి ముద్దను చిన్న ముక్కలుగా కోసి, కత్తితో లాగి బొటనవేలితో తిప్పుతుంటారు. ఒరెక్కియెట్టె అంటే చిట్టి చెవులట. జల్లెడ పలకల మీద ఆరబోసిన తీరు చూసి అమ్మ “మన వడియాలే గదరా!” అని ఒక పెద్దావిడ పక్కన కూర్చుండిపోయింది. ఇద్దరికీ ఒక్క మాటా కలవదు. అయినా అరగంటలో అమ్మ చేతికి కత్తి వచ్చింది. అమ్మ చేసినవి మాత్రం చెవుల్లా లేవు, గవ్వల్లా ఉన్నాయి. అర కిలో 6 యూరోలకు కొన్నాం. బసలో వంటగది ఉంది కాబట్టి రాత్రి టమాటా, ఎండుమిరప తాలింపు వేసుకుని తిన్నాం.

బారి నుంచి దుబ్రోవ్నిక్‌కు రాత్రి ఓడ. సీజన్‌లోనే నడుస్తుంది, అదీ వారంలో కొన్ని రోజులే. మీ తేదీలన్నీ దీన్ని బట్టి వేసుకోండి. కేబిన్‌కు ముగ్గురికీ కలిపి 240 యూరోలు పడింది. డబ్బు మిగులుతుందని పెద్దవాళ్ళను డెక్ మీద మాత్రం పడుకోబెట్టకండి.

ఇక ఆ ఇల్లు. ‘పాత ఊరి నడిబొడ్డు, సముద్రం కనిపిస్తుంది’ అని రాసుంటే మూడు రాత్రులకు 510 యూరోలు కట్టాను. కోట లోపలికి బండ్లు రావు. కోట గుమ్మం నుంచి రాళ్ళ వీధి, ఆ తర్వాత నిటారుగా మెట్లు. రెండు సూట్‌కేసులూ నేనే మోశాను. సగంలో అమ్మ ఆగి, “కొండెక్కితే సామి కనపడతాడు నాయనా, ఈడ ఎక్కితే ఎవురు కనపడతారు?” అంది. పైన కనపడింది యజమాని. క్లీనింగుకు 50 యూరోలు నగదు ఇమ్మన్నాడు. బుకింగులో ఆ ముక్కే లేదు. మెట్ల గురించి ముందే చెప్పాల్సిందంటే “మ్యాప్ చూసుకోలేదా?” అన్నాడు. సముద్రం కనపడేది బాత్రూం కిటికీలోంచి, అదీ మునివేళ్ళ మీద నిలబడితే. కోట గోడ మీద నడవడానికి మనిషికి 40 యూరోలు, నేనూ మా ఆవిడా వెళ్ళాం. ఒకసారి దిగి ఎక్కాక అమ్మ మళ్ళీ కిందికి రానంది. పెద్దవాళ్ళుంటే ఆ ఊళ్ళోనే లపాద్ అనే పేటలో దిగండి. బీచ్ దగ్గర, కోటకు సిటీ బస్సుంది.

తర్వాత వెళ్ళిన స్ప్లిట్ ఊరు బాగుంది. దారిలో పెల్యెషాత్స్ వంతెన 2022లో తెరిచారు కాబట్టి మా బస్సు బోస్నియాలోకి పోకుండానే వెళ్ళింది. విమానాలతో కలిపి ముగ్గురికీ 7,64,000 రూపాయలయింది.

రివ్యూలో 143 మెట్లని రాశాను. 138 మాత్రమేనని యజమాని జవాబిచ్చాడు. ఎక్కేటప్పుడు లెక్కపెట్టింది అమ్మ. ఒప్పుకోవడం లేదు.