వివియెన్‌నీ సెరానీ స్కైహోల్డ్‌లో వదిలేయకండి: డ్రాగన్ ఏజ్ ఇంక్విజిషన్, చాలా ఏళ్ళు ఆడాక

డ్రాగన్ ఏజ్: ఇంక్విజిషన్ అనే రోల్‌ప్లేయింగ్ గేమ్ 2014 నవంబర్‌లో వచ్చింది. ఇందులో మనం ఇంక్విజిటర్, అంటే ఆకాశంలో పడ్డ చిల్లు పూడ్చడానికి పుట్టిన ఇంక్విజిషన్ అనే దళానికి పెద్ద. అప్పటినుంచి మధ్యలో ఎన్ని గేములు ఆడినా మళ్ళీ మళ్ళీ దీని దగ్గరికే వస్తున్నాను. హింటర్‌లాండ్స్ మ్యాప్‌ని ఎంత సాగదీశారు, వార్ టేబుల్ దగ్గర ఎంతసేపు ఎదురుచూడాలి లాంటివి చాలామంది రాసేశారు, వాటి జోలికి పోను. నేను రాయాలనుకున్నది మన వెంట పోరాడే సహచరుల గురించి, అందులోనూ ఎక్కువమందికి గిట్టని వాళ్ళ గురించి. డోరియన్‌కి, వారిక్‌కి, ఐరన్ బుల్‌కి వకాల్తా పుచ్చుకోవాల్సిన పని లేదు, వాళ్ళని అందరూ నెత్తిన పెట్టుకుంటారు. వివియెన్ పేరెత్తితే మాత్రం "ఆవిడకి ఎంత పొగరో" అంటారు, సెరా పేరెత్తితే "ఆ అల్లరి భరించలేక పంపించేశాను" అంటారు. ఈ ఇద్దరూ ఈ గేమ్‌లో అందరికన్నా జాగ్రత్తగా రాసిన పాత్రల్లో ఉన్నారని నా గట్టి నమ్మకం.

కథలో మలుపులు బయటపడతాయి, ఇంకా ఆడనివాళ్ళు ఆడాక వచ్చి చదవండి.

ముందు అసలు ఇంత అయిష్టం ఎలా పుడుతుందో చూద్దాం, ఎందుకంటే ఇందులో గేమ్ పద్ధతికి కూడా వాటా ఉంది. 2009లో వచ్చిన ఈ సిరీస్ మొదటి గేమ్ ఆరిజిన్స్‌లో ఎవరైనా అలిగితే ఒక కానుక తీసి చేతిలో పెడితే చాలు, వాళ్ళకి మనం ఎంత నచ్చామో చూపే అప్రూవల్ మీటర్ పైకి లేచేది. ఇంక్విజిషన్‌లో ఆ కానుకలు లేవు, మీటర్ కూడా కనపడదు. మనం ఏదైనా నిర్ణయం తీసుకున్నప్పుడు ఫలానావాళ్ళకి కొంచెం నచ్చింది, ఫలానావాళ్ళకి అస్సలు నచ్చలేదు అని స్క్రీన్ మీద ఒక ముక్క మెరిసి మాయమవుతుంది, అంతే. ఒకరిని తెలుసుకోవాలంటే రెండే దారులు. ఇంక్విజిషన్ కోట స్కైహోల్డ్‌లో వాళ్ళుండే చోటుకి పనిగట్టుకుని వెళ్ళి మాట్లాడాలి, లేదంటే పార్టీలో వెంట తీసుకెళ్ళి దారిపొడుగునా వాళ్ళలో వాళ్ళు అనుకునే మాటలు, అదే బాంటర్, వినాలి. తొమ్మిదిమంది సహచరుల్లో మనతో వచ్చేది ముగ్గురే. నచ్చనివాళ్ళని ఎవరూ తీసుకెళ్ళరు, తీసుకెళ్ళకపోతే బాంటర్ వినపడదు, బాంటర్ వినకపోతే మొదటి పది నిమిషాల్లో ఏర్పడ్డ అభిప్రాయమే చివరిదాకా ఉండిపోతుంది. పైగా గేమ్ కొత్తగా వచ్చినప్పుడు చాలామందికి బాంటర్ సరిగ్గా పలికేదే కాదు, గంటలు గంటలు నిశ్శబ్దంగా నడిచేవాళ్ళం. మాటలే ప్రాణమైన పాత్రలకి అంతకన్నా అన్యాయం ఇంకేముంటుంది?

వివియెన్ దగ్గరికి వద్దాం. ఆవిడ పరిచయమే ఒక విందులో. ఒక మార్కీ మనల్ని అందరి ముందూ అవమానిస్తాడు, ఆవిడ అతన్ని ఉన్నచోటే గడ్డకట్టించి, ఇతన్ని ఏం చెయ్యమంటారు అని మనల్నే అడుగుతుంది. చాలామంది దీన్ని డాబు అనుకుని అక్కడే మనసు మూసేస్తారు. ఆ సీన్‌లో జరిగేదాన్ని జాగ్రత్తగా చూడండి. మన చేతిలో అధికారం పెట్టి, దాన్ని ఎలా వాడతామో గమనిస్తుంది. ఆవిడ ఓర్లే సామ్రాజ్ఞి సెలీన్ కొలువులో ఆస్థాన మాంత్రికురాలు. మాంత్రికులంటే జనం వణికిపోయే దేశంలో, పుట్టుకతో ఏ హోదా లేని ఒక మాంత్రికురాలు అంత దూరం వచ్చిందంటే ఎన్ని ముఖాలు చదివి ఉంటుందో ఆలోచించండి. అందరూ ఆవిడని ఉక్కు మహిళ అని పిలుస్తారు, ఆవిడ ఆ పేరుని నగలాగే పెట్టుకుంటుంది.

అసలు కోపం ఆవిడ రాజకీయాల మీద. మాంత్రికులందరూ సర్కిళ్ళలో, అంటే వాళ్ళని ఉంచి శిక్షణ ఇచ్చే కోటల్లో, టెంప్లర్లనే మత సైనికుల కాపలాలో ఉండాలంటుంది. డ్రాగన్ ఏజ్ 2లో మాంత్రికులని హింసించిన కిర్క్‌వాల్ నగరపు సర్కిల్‌ని చూసి వచ్చినవాళ్ళకి ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది, అది సహజమే. నాకూ సర్కిళ్ళు ఇష్టం లేదు, ప్రతిసారీ తిరుగుబాటు మాంత్రికులున్న రెడ్‌క్లిఫ్‌కి వెళ్ళి మాంత్రికుల పక్షమే తీసుకుంటాను. కానీ ఆవిడ వాదనలో దమ్ముంది. ఈ గేమ్ ప్రపంచమైన థేడాస్‌లో శిక్షణ లేని మాంత్రికుడు రాక్షసుల పాలబడితే చచ్చేది పక్కింటివాళ్ళే. భయపడ్డ గుంపు ముందు నిలబడాల్సి వస్తే మాంత్రికుల పిల్లలకి సర్కిల్ గోడ తప్ప అడ్డం ఏముంది అంటుంది. డ్రాగన్ ఏజ్ 2లో ఆండర్స్ అనే మాంత్రికుడు చాంట్రీని, అంటే అక్కడి మతం గుడిని, పేల్చిన తర్వాత మామూలు జనం మాంత్రికులని ఎలా చూస్తున్నారో, స్వేచ్ఛ స్వేచ్ఛ అని ప్రసంగాలు చేసే పాత్రలకన్నా ఆవిడకే బాగా తెలుసు. స్వేచ్ఛ కావాలనే వాళ్ళందరినీ మంచివాళ్ళుగా, వద్దనే వాళ్ళందరినీ దుర్మార్గులుగా రాసి ఉంటే నా నిర్ణయానికి బరువే ఉండేది కాదు. వివియెన్ పక్కన ఉండటం వల్లే మాంత్రికుల పక్షం తీసుకున్న ప్రతిసారీ నేను ఏం పణంగా పెడుతున్నానో ఆలోచించి మరీ తీసుకున్నాను.

ఇక తెల్ల వైవర్న్ అనే డ్రాగన్ లాంటి జంతువు గుండెకాయ క్వెస్ట్. ఆవిడ బాల్కనీలో కూర్చుని, ఎందుకో పూర్తిగా చెప్పకుండా, ఫలానా అరుదైన జంతువు గుండె తెచ్చిపెట్టమంటుంది. పైకి చూస్తే ఇంకో మామూలు పని, మ్యాప్ మీద ఇంకో గుర్తు. విసుగొస్తే దాని బదులు మామూలు వైవర్న్ గుండె ఇచ్చి మోసం చేసే అవకాశం కూడా గేమ్ ఇస్తుంది. ఇచ్చాక తెలుస్తుంది, అది డ్యూక్ బాస్టియెన్ కోసమని. ఆవిడ అన్నేళ్ళుగా ప్రేమించిన మనిషి మంచం పట్టి ఉన్నాడు, ఆ మందు ఆఖరి ప్రయత్నం. ఏ గుండె ఇచ్చినా అతను బతకడు. ఆ గదిలో వివియెన్ ఏడ్చి గోల చెయ్యదు, మన ముందు కుప్పకూలదు. ఇండిరా వర్మ ఆ పాత్రకి గొంతు ఇచ్చింది, ఆ గొంతులో ఎప్పుడూ ఉండే ఆ పైచేయి ఒక్క నిమిషం జారిపోయి మళ్ళీ సర్దుకోవడం వినిపిస్తుంది. అహంకారి అనుకున్న మనిషి మనల్ని ఆ గదిలోకి రానిచ్చింది. అంత ముడుచుకుని ఉండే పాత్ర నుంచి అంతకన్నా పెద్ద నమ్మకం ఏం కావాలి?

సెరా సంగతి వేరే. ఆమెకి పెద్ద సిద్ధాంతాలు లేవు, నోటి దురుసు ఉంది, మాటలు సగం సగం మింగేస్తుంది, తనని చేర్చుకునే సీన్‌లోనే శత్రువుల పంట్లాములు దొంగిలించి వాళ్ళని అలాగే యుద్ధానికి వచ్చేలా చేస్తుంది. గంభీరమైన కథ కావాలనుకునేవాళ్ళకి అది చిరాకు. ఒక్కసారి ఇంక్విజిషన్ పెద్దల్ని వరసగా చూడండి. జోసెఫిన్ ప్రభువులతో మాట్లాడుతుంది, లెలియానా గూఢచారులతో మాట్లాడుతుంది, కలెన్ సైనికులతో మాట్లాడతాడు. వంటింట్లో పనిచేసేవాళ్ళు, గుర్రపుశాలలో ఉండేవాళ్ళు, ప్రభువుల చేతుల్లో దెబ్బలు తినేవాళ్ళు, వీళ్ళ తరఫున ఆ కోటలో మాట్లాడేది సెరా ఒక్కతే. సెరా చేరిన రెడ్ జెనీ స్నేహితులు అనే గుంపు అంటే వాళ్ళే, పేరూ ఊరూ లేని పనివాళ్ళు, ఒకరికొకరు కబురు చేరవేసుకుని పెద్దవాళ్ళ మీద చిన్న చిన్న దెబ్బలు కొట్టేవాళ్ళు. మనం ఆకాశంలో చిల్లు పూడ్చే పనిలో ఉంటే, ఆ చిల్లు పూడ్చాక కూడా ఈ పనివాళ్ళ బతుకు ఏం మారదని గుర్తుచేసేది ఆమె. వెర్షియెల్ క్వెస్ట్‌లో ఒక ప్రభువు బేరానికి వస్తాడు, ఆ బేరం ఒప్పుకుంటే ఇంక్విజిషన్‌కి లాభమే, సెరాకి మాత్రం ఒళ్ళు మండుతుంది. ఆమె మనిషిని చంపించినవాడితో చేయి కలిపితే మండకేం చేస్తుంది?

కుకీల సీన్ దాకా వచ్చినవాళ్ళు తక్కువ, అప్రూవల్ బాగా పెరగాలి. కప్పు మీద కూర్చుని తనే కుకీలు పంచుతుంది, అదే నోటితో తనకి కుకీలంటే అసహ్యం అంటుంది. చిన్నప్పుడు అనాథ ఎల్ఫ్‌గా ఉన్నప్పుడు డెనెరిమ్‌లో లేడీ ఎమ్మాల్డ్ అనే గొప్పింటావిడ చేరదీసింది. ఆవిడకి వంట రాదు, కుకీలు కొని తెచ్చి తనే చేసినట్టు చెప్పేది. ఆ అబద్ధం బయటపడకూడదని, బేకరీ అతనికి ఎల్ఫ్‌లంటే గిట్టదు కాబట్టి అటు వెళ్ళొద్దని ఇంకో అబద్ధం చెప్పింది. పాప ఆ బేకరీ అతన్ని ద్వేషించింది, తన పుట్టుకనీ ద్వేషించుకుంది, అంతా ఒక పెద్దావిడ పరువు కోసం. సెరాకి గొప్పవాళ్ళన్నా, ఎల్ఫ్‌ల పాత వైభవమన్నా ఎందుకు మంటో ఈ ఒక్క కథలో ఉంది. పాత ఎల్ఫ్ సంప్రదాయాలు పాటించే డేలిష్ తెగ ఇంక్విజిటర్‌తో ఆడినవాళ్ళు ఆమె మీద ఎందుకు కోపం తెచ్చుకుంటారో నాకు తెలుసు, ఎల్ఫ్‌ల దేవత మిథల్ గుడి ఘట్టం తర్వాత ఆమె అనే మాటలు నిజంగానే గుచ్చుకుంటాయి. అక్కడ రచయితలు మనకి సరైన జవాబులు ఇవ్వలేదు, తలూపడమో గొడవ పడటమో తప్ప మధ్యలో ఏదీ లేదు. ఆ తప్పు మన జవాబులు ఎంచుకునే డైలాగ్ వీల్‌ది, ఆ అమ్మాయిది కాదు.

ఈ ఇద్దరి గురించి ఎవరైనా నాతో వాదనకి దిగితే నేను ముందు అడమాంట్ కోట యుద్ధం తర్వాత వచ్చే ఫేడ్ (కలలూ ఆత్మలూ ఉండే లోకం) ఘట్టమే చూపిస్తాను. అక్కడ ఒక శ్మశానం ఉంటుంది, దారి నుంచి కొంచెం పక్కకి వెళ్తే సహచరుల పేర్లతో సమాధి రాళ్ళు, ఒక్కో రాయి మీద ఒక్కొక్కరి అతి పెద్ద భయం. చాలామంది పోరాటం హడావుడిలో చదవకుండా పరిగెత్తేస్తారు. కసాండ్రాకి నిస్సహాయత, సోలాస్‌కి ఒంటరి చావు, డోరియన్‌కి ప్రలోభం. వివియెన్ రాయి మీద, ఎవరికీ లెక్కలేని మనిషి అయిపోవడం. సెరా రాయి మీద, ఏమీ లేకపోవడం, శూన్యం. ఈ రెండూ చదివాక వెనక్కి వెళ్ళి మొదటి సీన్లు చూడండి. వివియెన్ ఎందుకు ప్రతి గదిలోనూ అందరి చూపూ తన మీదే ఉండేలా నిలబడుతుందో, సెరా ఎందుకు ఒక్క క్షణం నోరు మూసుకోదో, ఫేడ్ మాటెత్తితేనే ఎందుకు వణికిపోతుందో, వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. అదే శ్మశానంలో ఇంకో సహచరుడు బ్లాక్‌వాల్ రాయి మీద ఉన్నది "తాను". వేరే మనిషి పేరుతో బతికిన అబద్ధాలకోరు అని అతన్ని కొట్టిపారేసేవాళ్ళు ఆ రాయిని, ఆ తర్వాత తన కింద పనిచేసిన పాత సైనికుణ్ణి ఉరి నుంచి తప్పించడానికి అతను అందరి ముందూ తన అసలు పేరు చెప్పే సీన్‌ని పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

యుద్ధంలో కూడా వీళ్ళు బరువేం కాదు. వివియెన్ నైట్ ఎన్‌చాంటర్, అంటే దగ్గర నుంచి పోరాడే మాంత్రికురాలు, స్పిరిట్ బ్లేడ్ అనే మంత్రపు కత్తి పట్టుకుని ముందువరసలో నిలబడగలదు, బారియర్ నిలుపుకుంటూ డ్రాగన్ల ముందు కూడా అంత తొందరగా పడిపోదు. సెరా టెంపెస్ట్, అంటే మందు ఫ్లాస్క్‌లు తాగి పోరాడే రకం, మూడు రకాల ఫ్లాస్క్‌లు, నిప్పు ఫ్లాస్క్ తాగినప్పుడు ఆమె వేసే బాణాల వేగం చూడాలి. కథ కోసం కాకపోయినా ఆట కోసమైనా తీసుకెళ్ళొచ్చు. బాంటర్ కోసమైతే వివియెన్‌ని ఐరన్ బుల్‌తో తీసుకెళ్ళండి, అంత పెద్ద మనిషి ఆవిడ ముందు "మేడమ్" అంటూ ఒదిగి మాట్లాడతాడు. సెరాని బ్లాక్‌వాల్‌తో తీసుకెళ్ళండి, వాళ్ళిద్దరికీ బాగా కుదురుతుంది. సెరా, సోలాస్ కలిస్తే మాత్రం చురకలే, అతని పక్కలో బల్లులు వదిలిన ఘనత ఆమెది.

కార్వర్ గురించి రాయకుండా ఆపలేను, గేమ్ వేరే అయినా. 2011లో వచ్చిన డ్రాగన్ ఏజ్ 2లో మనం ఆడే హాక్ అనే పాత్ర మాంత్రికుడైతే బతికేది తమ్ముడు కార్వర్. ఎప్పుడూ మొహం మాడ్చుకుని ఉంటాడని అతనంటే పడనివాళ్ళు ఎందరో. ఆ కుర్రాడి పరిస్థితి చూడండి. ఆస్టగార్‌లో రాజు సైన్యంలో పోరాడి వచ్చాడు, తోడబుట్టిన కవల చెల్లి కళ్ళముందే చచ్చిపోయింది, కిర్క్‌వాల్‌కి వచ్చాక సిటీ గార్డులో చేరదామంటే అందులో పనిచేసే సహచరి అవలీన్ వద్దంది, ఇంట్లో ఎవరు వచ్చినా అడిగేది పెద్ద హాక్ గురించే. ఏదో ఒకటి సొంతంగా కావాలని టెంప్లర్ అయితే అందరూ ద్రోహి అన్నారు. అదే టెంప్లర్ కార్వర్ చివర్లో టెంప్లర్ల అధిపతి మెరెడిత్‌కి ఎదురుగా మన వైపు నిలబడతాడు. ఆ గేమ్‌లో రైవల్రీ, అంటే విభేదం, పెంచుకుంటూ పోయినా బంధం గట్టిపడుతుంది, కోపంగా ఉన్నవాళ్ళు కూడా మనవాళ్ళే అవ్వగలరు. ఇంక్విజిషన్‌లో ఆ పద్ధతి తీసేయడం నాకు ఇప్పటికీ వెలితే. వివియెన్‌తో అన్ని విషయాల్లోనూ గట్టిగా విభేదిస్తూనే ఆవిడ గౌరవం సంపాదించుకునే దారి ఉండి ఉంటే ఈ అయిష్టం సగం తగ్గేది.

ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. కసాండ్రా, లెలియానాలతో పాటు వివియెన్ కూడా డివైన్, అంటే చాంట్రీ మతానికి అధిపతి, కావచ్చు, కానీ ఆ పదవి ఆవిడకి దక్కిందన్నది ఎండింగ్‌లో నాలుగు మాటల్లో తేల్చేశారు. అంత పెద్ద విజయానికి అది చాలా తక్కువ.

మళ్ళీ ఆడబోయేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. స్కైహోల్డ్ చేరగానే ప్రతి పెద్ద క్వెస్ట్ తర్వాత బాల్కనీకి, సత్రం పైగదికి వెళ్ళి ఇద్దరినీ పలకరించండి, కొత్త మాటలు అప్పుడే వస్తాయి. అడమాంట్‌కి ముందు ఒక సేవ్ పెట్టుకోండి, ఇద్దరినీ వెంట తీసుకెళ్ళండి. సెరాతో స్నేహం బాగా కుదిరిన సేవ్ ఉంటే అదే సేవ్‌తో 2015లో వచ్చిన ట్రెస్‌పాసర్ డీఎల్సీ (అదనపు కథ) మొదలుపెట్టండి. అందులో ప్రపంచంలోని రాజులూ మతపెద్దలూ అందరూ ఇంక్విజిటర్ అధికారం ఎలా లాక్కోవాలా అని చూస్తుంటే, సెరా వచ్చి నువ్వు కూడా మా రెడ్ జెనీల్లో చేరిపో అని అడుగుతుంది, ఏ పదవీ లేకుండా ఉత్త మనిషిగా.