ఆరేళ్లుగా డీఎన్‌డీ, 1909 వాడుతున్నాను: ఆగినవేంటి, ఆగనివేంటి

మాది తెనాలి. ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్ముతాను. సీసా మీద అంటించే లేబుల్‌పై నా ఫోన్ నంబరే ఉంటుంది. అందుకే ప్రచార కాల్స్ బెడద తప్పాలంటే "తెలియని నంబరైతే ఎత్తకు" అనే సలహా నాకు పనికిరాదు. నా ఆర్డర్లలో సగం తెలియని నంబర్ల నుంచే వస్తాయి.

2019 మే నెల, ఆవకాయ రోజులు. ఆవపిండి, కారం, ఉప్పు కలిపి, నూనె పోసి ముక్కలు కలుపుతున్నాను. మోచేతుల దాకా కారమే. ఫోన్ మోగింది. చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని వెళ్లి ఎత్తితే, "మేడమ్, పర్సనల్ లోన్ ఏమైనా చూస్తున్నారా?" అంది ఒకమ్మాయి. వచ్చి కూర్చున్నానో లేదో మళ్లీ ఫోన్. ఈసారి హైదరాబాద్ పక్కన ప్లాట్లు. మూడోసారి మోగితే విసుగొచ్చి ఎత్తలేదు. ఆ మూడోది ఏటా నా దగ్గరే తీసుకునే బెంగళూరు ఆవిడ, కొత్త నంబరు నుంచి చేశారు. కూతురు అమెరికా వెళ్తోంది, ఎనిమిది కిలోలు కావాలి, వెంటనే చెప్పాలి. నేను తిరిగి చేసేసరికి వేరేచోట చెప్పేశారు. డబ్బు పోయిందని కాదు, ఆవిడ నన్ను నమ్ముకుని చేశారు కదా, ఆ బాధ చాలా రోజులు ఉంది. ఆ రాత్రే డీఎన్‌డీ (డు నాట్ డిస్టర్బ్, అంటే ప్రచార కాల్స్, మెసేజ్‌లు నాకు వద్దని నమోదు చేసుకోవడం) పెట్టాను.

పెట్టడం తేలిక. ఇంగ్లిష్ అక్షరాల్లో స్టార్ట్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, సున్నా వేసి 1909కి మెసేజ్ పంపాలి. ఫోన్ చేసి కూడా పెట్టించుకోవచ్చు. పైసా ఖర్చు లేదు. అన్నీ ఆపక్కర్లేదు అనుకుంటే బ్యాంకులు, రియల్ ఎస్టేట్, చదువు, ఆరోగ్యం ఇలా రకాలవారీగా కూడా ఆపుకోవచ్చు. నేను అన్నీ ఆపేశాను. ఓటీపీలు ఆగిపోతాయేమో అని మా ఆయన టెన్షన్ పడ్డారు. ఆగలేదు. బ్యాంకులో డబ్బు పడిన మెసేజ్, కొరియర్ వాళ్ల మెసేజ్ మామూలుగానే వస్తున్నాయి. డీఎన్‌డీ ఆపేది ప్రచారాన్ని మాత్రమే.

రెండు వారాల్లో 140తో మొదలయ్యే కాల్స్, అంటే నమోదైన టెలిమార్కెటింగ్ వాళ్లు చేసేవి, దాదాపు పోయాయి. చీరల డిస్కౌంట్ మెసేజ్‌లు, కోచింగ్ సెంటర్ మెసేజ్‌లు బాగా తగ్గాయి. కానీ ప్లాట్ల వాళ్లు, లోన్ల వాళ్లు తగ్గలేదు. ఎందుకో తర్వాత తెలిసింది. వాళ్లు చేసేది మనలాంటి మామూలు పది అంకెల సిమ్ నుంచి. టెలిమార్కెటింగ్‌కి నమోదు చేసుకోని వాళ్లకు మన డీఎన్‌డీ పట్టదు. బ్లాక్ చేస్తే రేపు ఇంకో సిమ్. నా ఫోన్‌లో ఒక దశలో మూడొందలకు పైగా బ్లాక్ చేసిన నంబర్లు ఉండేవి, అయినా కాల్స్ వస్తూనే ఉండేవి.

దీనికి నాకు పనిచేసింది ఫిర్యాదు ఒక్కటే. అది నేర్చుకోవడానికి ఏడాది పట్టింది. మొదట్లో "స్పామ్ కాల్" అని రెండు ముక్కలు రాసి పంపితే, వివరాలు చాలలేదని నా ఫిర్యాదులు మూసేశారు. అప్పటి నుంచి ఫ్రిజ్ మీద ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకున్నాను. కాల్ రాగానే నంబరు, తేదీ, టైము, ఏ కంపెనీ పేరు చెప్పారు, ఏం అమ్మబోయారు, అన్నీ ఒక లైన్‌లో రాస్తాను. సాయంత్రం కూర్చుని 1909కి పంపుతాను: విషయం ఒక వాక్యం, కామా, నంబరు, కామా, తేదీ. ఫిర్యాదు నంబరుతో జవాబు వస్తుంది. దాన్నీ ఆ లైన్ పక్కనే రాసుకుంటాను.

2025 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలు మార్చాక ఇది ఇంకా గట్టిపడింది. అంతకుముందు మూడు రోజుల్లో ఫిర్యాదు చేయాలి, ఇప్పుడు ఏడు రోజుల దాకా గడువుంది. నమోదు చేసుకోని వాళ్ల మీద చర్యకు ఆపరేటర్‌కి 30 రోజులుండేది, దాన్ని 5 రోజులు చేశారు. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది. అంతకుముందు ఒక నంబరు మీద వారంలో 10 ఫిర్యాదులు వస్తేనే కదిలేవారు, ఇప్పుడు పది రోజుల్లో 5 చాలు. అంటే నాది ఒకటి పడితే ఇంకో నలుగురు చాలు. డీఎన్‌డీ పెట్టుకోని వాళ్లు కూడా ఇలాంటి నంబర్ల మీద ఫిర్యాదు చేయొచ్చు. మా వీధిలో నలుగురితో చేయిస్తున్నాను.

ఫోన్ చేసే పిల్లల మీద మాత్రం అరవకండి. జీతం కోసం చేస్తున్నారు. "వద్దమ్మా" అని పెట్టేసి, నంబరు రాసుకుంటే చాలు.

మెసేజ్‌ల విషయంలో ఒక మంచి మార్పు వచ్చింది. 2025 నుంచి పంపినవారి పేరు చివర గీత పెట్టి ఒక అక్షరం ఉంటోంది: పీ అంటే ప్రచారం, ఎస్ అంటే సర్వీసు, టీ అంటే లావాదేవీ, జీ అంటే ప్రభుత్వం. డీఎన్‌డీ ఉన్నా పీ వచ్చిందంటే ఎక్కడో మనమే ఒప్పుకుని ఉంటాం. నేనూ అలాగే దొరికిపోయాను. ఒక షాపింగ్ మాల్‌లో లక్కీ డ్రా కూపన్ నింపాను. కింద సన్నటి అక్షరాల్లో, డీఎన్‌డీ ఉన్నా నన్ను సంప్రదించవచ్చు అని రాసి ఉంది. ఇప్పుడు ఏ కూపనూ నింపను.

మోసాలు వేరే సంగతి. ఒకరోజు మా అమ్మ ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "అమ్మాయ్, రాత్రి తొమ్మిదిన్నరకి కరెంటు తీసేస్తారంట, బిల్లు కట్టలేదంట!" అని. మెసేజ్‌లో ఒక మొబైల్ నంబరు, దానికి ఫోన్ చేయమని. బిల్లు నేనే కట్టాను కాబట్టి సరిపోయింది. అమ్మ ఒంటరిగా ఉండి ఉంటే ఆ నంబరుకి చేసేదే. ఇలాంటివి 1909కి కాదు, టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో చక్షు అని మోసపు కాల్స్, మెసేజ్‌ల గురించి చెప్పే చోటు ఉంది, అక్కడ చెప్పాలి. చక్షుని 2024 మార్చిలో మొదలుపెట్టారు. డబ్బు పోతే మాత్రం ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఈ నంబరు అమ్మ ఫోన్ వెనక కవర్‌లో కాగితం మీద రాసి పెట్టాను.

వాట్సాప్‌లో వచ్చే చెత్తకి డీఎన్‌డీ ఏమీ చేయదు. అక్కడే రిపోర్ట్ చేసి బ్లాక్ చేయడం, గ్రూపుల్లో చేర్చే హక్కు మన కాంటాక్టులకే ఇవ్వడం, అంతే. ఎన్నికలప్పుడు వచ్చే రికార్డు గొంతు సర్వేలూ ఆగలేదు, అవి వ్యాపారం కాదు కదా.

డీఎన్‌డీ, 1909 రెండిటికీ కలిపి ఐదుకి మూడున్నర మార్కులు ఇస్తాను. ఫిర్యాదు రాసే ఓపిక లేకపోతే రెండే అనుకోండి. ఒకప్పుడు రోజుకి ఏడెనిమిది వచ్చేవి, ఇప్పుడు వారానికి రెండో మూడో. నిన్న మధ్యాహ్నం ప్లాట్ల కాల్ ఒకటి వచ్చింది, నోట్‌బుక్‌లో ఉంది. మేడ మీద వడియాలు తీసి డబ్బాలో పోశాక పంపాలి.