రెండు పూసలు తక్కువైన పరమాణువు

హైస్కూలు పిల్లలకు పరమాణు నిర్మాణం చెప్పడానికి పనికొస్తుందన్న ఆశతో ఈ పెట్టెను తెప్పించుకుని నాలుగు నెలలైంది. ఇందులో ఆవర్తన పట్టిక ముద్రించిన పెద్ద గోడ పటం, పరమాణు నమూనాలను అమర్చుకోవడానికి పూసలు, ప్లాస్టిక్ వలయాలు, వాటితోపాటు ఒక చిన్న పుస్తకం ఉన్నాయి. పటం మీద నాకున్న అభిప్రాయం వేరు, పూసల మీద ఉన్నది వేరు. కాబట్టి రెండింటినీ కలిపి ఒకే మార్కు వేయలేను.

పటంలో 118 మూలకాలూ ఉన్నాయి. 2016లో పేర్లు ఖరారైన నిహోనియం, మాస్కోవియం, టెనస్సిన్, ఒగనెసాన్‌లు కూడా తమ గడుల్లో సరైన పేర్లతోనే కనిపిస్తాయి. ప్రతి గడిలోనూ పరమాణు సంఖ్యను పెద్దగా, పరమాణు భారాన్ని దాని కింద చిన్నగా వేశారు. చూడడానికి ఇది అలంకారంలా ఉన్నా, పట్టికలోని అసలు విషయం ఆ అక్షరాల కొలతలోనే ఉంది. రష్యా రసాయన శాస్త్రవేత్త మెండలీవ్ 1869లో, అప్పటికి తెలిసిన 63 మూలకాలను భారాల క్రమంలో పేర్చుతూ, ధర్మాలు కుదరని చోట భారాన్ని పక్కనపెట్టి, బరువైన టెల్లూరియంను తేలికైన అయోడిన్ కంటే ముందు ఉంచాడు. టెల్లూరియం భారాన్నే తప్పుగా కొలిచి ఉంటారని ఆయన అనుకున్నాడు. కొలతలో తప్పు లేదు. క్రమానికి ఆధారం భారం కాదనీ, కేంద్రకంలోని ధనావేశమనీ 1913లో ఆంగ్ల భౌతిక శాస్త్రవేత్త మోస్లీ ఎక్స్-కిరణాల పౌనఃపున్యాలను కొలిచి చూపించాకే ఆ చిక్కు వీడింది. 127.60 పక్కన 126.90 కనిపించగానే అచ్చుతప్పు దొరికిందని సంబరపడే విద్యార్థి ప్రతి బృందంలోనూ ఒకడుంటాడు. వాడి వేలు ఆ గడి మీద ఉండగానే ఈ కథ చెప్పడానికి వీలు కల్పించిన పటమిది.

మెండలీవ్ ఖాళీగా వదిలిన గడుల్లో మూడింటికి చిన్న నక్షత్రం గుర్తు పెట్టారు. అవి 1875లో దొరికిన గాలియం, 1879లో దొరికిన స్కాండియం, 1886లో దొరికిన జర్మేనియం. జర్మేనియం భారం 72 దగ్గర ఉంటుందని ఆయన ముందే చెప్పాడు. నేడు మనం వాడే విలువ 72.63. పుస్తకంలో దీనికి రెండు వాక్యాలతో సరిపెట్టారు కానీ, పటం మీద ఆ నక్షత్రాలే చాలినంత పని చేస్తాయి.

పటంలో లోపాలు లేకపోలేదు. హైడ్రోజన్‌కు క్షార లోహాల రంగే వేయడంతో, వాయువైన హైడ్రోజన్ కూడా లోహమేనా అన్న ప్రశ్నకు ప్రతిసారీ జవాబు చెప్పుకోవలసి వస్తోంది. టెక్నీషియంకు స్థిరమైన ఐసోటోపు (ప్రోటాన్లు అన్నే ఉండి న్యూట్రాన్ల సంఖ్య మారే రూపం) ఒక్కటీ లేదు కనుక దాని గడిలో 98 అన్న సంఖ్యను బ్రాకెట్లలో వేయాలి. ఇక్కడ మిగతా మూలకాల సగటు భారాల్లాగే విడిగా వేసేశారు.

ఇక పూసల సంగతి. ప్రోటాన్లకు ఎర్ర పూసలు, న్యూట్రాన్లకు బూడిద రంగువి, ఎలక్ట్రాన్లకు చిన్న నీలం పూసలు ఇచ్చారు. కాల్షియం వరకు, అంటే 20వ మూలకం వరకు, అన్నిటినీ కట్టుకోవచ్చని పెట్టె మీద రాసి ఉంది. నీలం పూస ఎర్ర పూసలో సుమారు నాలుగో వంతు ఉంటుంది, ప్రోటాన్ ద్రవ్యరాశి మాత్రం ఎలక్ట్రాన్‌కు దాదాపు 1836 రెట్లు. కేంద్రకం ముద్ద నాలుగు సెంటీమీటర్లుంటే పరమాణువు కనీసం నాలుగు వందల మీటర్ల వెడల్పు ఉండాలి. ఏ నమూనా అయినా బల్ల మీద పట్టాలి కాబట్టి ఈ తప్పులను క్షమించవచ్చు. ఎలక్ట్రాన్లు నిజంగా ఇలా వలయాల మీద తిరగవనీ, ఆర్బిటాల్ అంటే ఎలక్ట్రాన్ దొరికే సంభావ్యత ఎక్కువగా ఉన్న ప్రదేశమనీ పుస్తకంలో ఒక్క వాక్యమైనా రాసి ఉండవలసింది.

క్షమించలేనివి రెండున్నాయి. మొదటిది వలయాల్లోని బెజ్జాలు. మొదటి వలయానికి రెండు, రెండోదానికి ఎనిమిది, మూడోదానికి పద్దెనిమిది బెజ్జాలున్నాయి. ఈ లెక్క ప్రకారమే ఒక అమ్మాయి పొటాషియం కడుతూ మూడో వలయంలో తొమ్మిది ఎలక్ట్రాన్లు గుచ్చి, నాలుగో వలయాన్ని ఖాళీగా వదిలేసింది. ఖాళీలున్నప్పుడు నింపక ఏం చేస్తుంది? పొటాషియంలో మూడో కర్పరంలోని (అంటే వలయంలోని) 3డి ఆర్బిటాల్ కంటే నాలుగోదానిలోని 4ఎస్ ఆర్బిటాల్ శక్తి తక్కువ కనుక పంతొమ్మిదో ఎలక్ట్రాన్ నాలుగో కర్పరంలోకి వెళుతుందన్న మాట పుస్తకంలో లేదు. చివరకు ఆ అమ్మాయిని పటం దగ్గరకు తీసుకెళ్ళి, పొటాషియం గడి సోడియం కిందే ఎందుకుందో అడగవలసి వచ్చింది. ఆమె కాసేపు చూసి, సోడియంలాగే దీనికీ బయటి వలయంలో ఒక్క ఎలక్ట్రానే ఉండాలని గ్రహించి, తొమ్మిదో పూసను తీసి బయటి వలయంలో పెట్టింది.

రెండోది నాకు మరీ బాధ కలిగించింది. పెట్టెలో బూడిద రంగు పూసలు సరిగ్గా ఇరవై ఉన్నాయి. కాల్షియం-40కి ఇరవై న్యూట్రాన్లు చాలు కనుక అంతకు ముందున్నవాటికీ చాలుతాయని తయారీదారు అనుకుని ఉంటారు. ప్రకృతిలో దొరికే ఆర్గాన్‌లో 99.6 శాతం ఆర్గాన్-40. దాని కేంద్రకంలో పద్దెనిమిది ప్రోటాన్లు, ఇరవై రెండు న్యూట్రాన్లు ఉంటాయి. అందువల్ల సహజ ఆర్గాన్‌ను ఈ పెట్టెతో కట్టడం సాధ్యం కాదు. ఆర్గాన్ భారం 39.95 అయితే దాని తర్వాతి పొటాషియం భారం 39.10 మాత్రమే కావడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. పొటాషియంలో ఎక్కువ భాగం పంతొమ్మిది ప్రోటాన్లు, ఇరవై న్యూట్రాన్లు ఉన్న ఐసోటోపే. రెండు కేంద్రకాలనూ ఒకదాని తర్వాత ఒకటి కట్టగలిగితే, సంఖ్య పెరిగినా భారం ఎందుకు తగ్గిందో ఎర్ర పూసలనూ బూడిద పూసలనూ లెక్కపెట్టుకుని పిల్లలే చెప్పేస్తారు. దానికి తక్కువైనవి రెండే పూసలు.

విడిగా పూసలు అమ్మరని తయారీదారుల నుంచి జవాబు వచ్చింది. పాత చొక్కా నుంచి కోసిన రెండు బూడిద రంగు గుండీలతో ప్రస్తుతం నా దగ్గర ఆర్గాన్ పూర్తయింది. పొటాషియం కట్టాలంటే ముందు దాన్ని విప్పాలి.