గోడలో దొరికిన డైరీ: హారర్ పాఠకులు చదువుతున్న నాలుగు నవలలు

హారర్‌ను వదలకుండా చదివేవాళ్లు ఇప్పుడు ఒకరికొకరు చెప్పుకుంటున్న పుస్తకాల్లో చాలావాటికి ఒక పోలిక ఉంది. కథ నేరుగా మన ముందుకు రాదు. ఎవరో రాసుకున్న డైరీ ఇంకెవరికో దొరుకుతుంది. లేదా ఒకాయన చెప్పిన కథను విన్నవాడు ఏళ్ల తర్వాత గుర్తుచేసుకుని రాస్తాడు. ఇలాంటి పుస్తకాల మీద వచ్చే వాదనలు కూడా ఒకేలా ఉంటాయి: మధ్యలో అంత సాగదీత ఎందుకు, ఫుట్‌నోట్లు చదవాలా వద్దా, చివర్లో అంతా విప్పి చెప్పి చెడగొట్టాడా లేదా.

కాగితాల మీద నడిచే హారర్‌ను తూచడానికి మూడు ప్రశ్నలు చాలు. ఇది ఎవరు రాశారు? జరిగిన ఎంతసేపటికి రాశారు? మన దాకా ఎలా వచ్చింది? రచయిత దగ్గర వీటికి జవాబుంటే పుస్తకం నిలబడుతుంది. లేకపోతే అది పైన తారీఖులు అంటించిన మామూలు నవలే. దయ్యం మీద పడుతుంటే కూర్చుని నాలుగు పేజీల సంభాషణ పొల్లుపోకుండా రాసుకునే డైరీ మనిషిని ఎవరూ నమ్మరు.

ముందుగా స్టీఫెన్ గ్రాహం జోన్స్ రాసిన ‘ది బఫెలో హంటర్ హంటర్’. 2025లో వచ్చింది. ఈ నాలుగింటిలోనూ ముందు కొనాల్సింది ఇదే. 2012లో ఒక పాత పాస్టర్ ఇంటి గోడలోంచి డైరీ బయటపడుతుంది. రాసింది ఆర్థర్ బోకార్న్, 1912లో మోంటానాలోని మైల్స్ సిటీలో లూథరన్ పాస్టర్. ఆదివారాల్లో ఆయన చర్చికి గుడ్ స్టాబ్ అనే, బ్లాక్‌ఫీట్ ఆదివాసీ తెగ మనిషి వచ్చి తన కథ చెప్పుకుంటాడు. అతను రక్తం తాగే జీవి. ఊరి బయట మైదానంలో, చర్మం ఒలిచేసిన శవాలు దొరుకుతుంటాయి. వేటగాళ్లు అడవిదున్నలను ఒలిచి పడేసినట్టే.

వాంపైర్ కథల్లో వెల్లుల్లి, శిలువ లాంటి నియమాలు అరిగిపోయాయి. జోన్స్ వాటి జోలికి పోకుండా ఒక్క కొత్త నియమం పెట్టాడు: ఎవరి రక్తం తాగితే మెల్లగా వాళ్లలా మారిపోతాడు. జంతువుల రక్తంతో బతికితే ఒంట్లో జంతువు లక్షణాలు వస్తాయి. తెల్లవాళ్లనే తాగుతూ పోతే ముఖం మీద గడ్డం మొలుస్తుంది. తన వాళ్లలా మిగలాలంటే తన వాళ్లనే తాగాలి. పగ తీర్చుకోవడానికి శత్రువును తాగేకొద్దీ శత్రువే అవుతున్నాడు, తనవాళ్లను కాపాడుకోవడానికి దాపున ఉంటే వాళ్లనే తినాలి. నవల బరువంతా ఈ ముడి మీదే ఉంది. ఎక్కడా విప్పి చెప్పడు, సంఘటనల్లోనే తెలుస్తుంది.

వెనకాల ఉన్నది నిజంగా జరిగిన ఊచకోత. 1870 జనవరి 23న మరయాస్ నది ఒడ్డున బ్లాక్‌ఫీట్ నాయకుడు హెవీ రన్నర్ శిబిరం మీద అమెరికా సైన్యం కాల్పులు జరిపి దాదాపు 200 మందిని చంపింది. ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. తాము శాంతిగా ఉన్నవాళ్లమని చెప్పే కాగితం హెవీ రన్నర్ దగ్గర ఉంది, అయినా ఆగలేదు. ప్రాణం కాపాడాల్సిన కాగితం పనికిరాకుండా పోయిన ఆ రోజు కథ, నలభై ఏళ్ల తర్వాత మళ్లీ కాగితం మీదికే ఎక్కుతోంది. జోన్స్ కూడా బ్లాక్‌ఫీట్ వాడే. అడవిదున్నల వధ, సైన్యం, చర్చి వేర్వేరు విషయాలుగా కాకుండా ఒకే తాడులా పేనుకుపోవడానికి అది కూడా కారణమే అనిపిస్తుంది.

ఇక మూడు ప్రశ్నలు. గుడ్ స్టాబ్ మాటలు మనకు నేరుగా రావు. పాస్టర్ విని, తర్వాత ఇంట్లో కూర్చుని రాస్తాడు. అంటే ఒక వాంపైర్ గొంతును ఒక తెల్ల పాస్టర్ కలం మోస్తోంది. అంత పొడవు కథ మాటకు మాట ఎలా గుర్తుంది అని అనుమానం వస్తుంది, రావాలి కూడా. పాస్టర్ తన గురించి రాసుకునే భాగాల్లో తిండి మీద యావ, వయసు, చిన్నచిన్న సోకులు చాలా ఉంటాయి. ఏది రాయట్లేదో చూస్తూ చదవండి.

ఇబ్బందులూ తక్కువ కాదు. మొదటి మూడు నాలుగు విడతలు కష్టంగా నడుస్తాయి. పాస్టర్ వాక్యాలు పాతకాలపు పొడవు వాక్యాలు. గుడ్ స్టాబ్ ఏమో జంతువులకు, మనుషులకు తన పేర్లు వాడతాడు: అడవిదున్నకు ‘బ్లాక్‌హార్న్’, తెల్లవాళ్లకు ‘నాపిక్వాన్’. నిఘంటువు ముందేసుకుని కూర్చోవద్దు. ఒక చీటీ మీద మాట, పక్కన మీ ఊహ రాసుకుంటూ పోండి. సందర్భమే తేల్చేస్తుంది, వంద పేజీలయ్యేసరికి చీటీ అక్కర్లేదు. మధ్యలో వదిలేసినవాళ్లలో చాలామంది ఈ వంద పేజీల లోపే వదిలేశారు. ఒక కూర్చోవడంలో ఒక ఆదివారం పూర్తిచేయండి. విడత మధ్యలో ఆపితే గొంతు మళ్లీ పట్టుకోవడానికి పది పేజీలు ఖర్చవుతాయి. ఆడియోలో వేర్వేరు గొంతులు చదివాయి కాబట్టి ఈ బాధ సగం తగ్గుతుంది. కాకపోతే జంతువుల పేర్లు చెవిన పడగానే జారిపోతాయి.

చివరి భాగంలో 2012కు, డైరీ చేతికొచ్చిన, పాస్టర్ వంశంలోని ఎట్సీ అనే ఆవిడ దగ్గరికి తిరిగొస్తాం. పాఠకులు రెండు పక్షాలైంది ఇక్కడే. లెక్క తేలడానికి అది కావాలని ఒక పక్షం. గొంతు ఒక్కసారిగా పలచబడి, అంతదాకా ఉన్న గాంభీర్యం కారిపోయిందని ఇంకో పక్షం. రెండో పక్షం మాటే నిజానికి దగ్గర. డైరీ మూసిన చోట ఆగి ఉంటే ఇంకా గట్టి పుస్తకం అయ్యేది. పిల్లల చావులు, జంతువుల వధ, ఒలిచిన శరీరాలు దాచకుండా ఉంటాయి. తట్టుకోలేమనుకుంటే మొదలుపెట్టకపోవడమే మంచిది.

గుర్తుండటం అనే చిక్కును ఎదురుగా పట్టుకున్న పుస్తకం జాన్ లాంగన్ ‘ది ఫిషర్‌మన్’. 2016లో వచ్చింది, హారర్ రచనలకిచ్చే బ్రామ్ స్టోకర్ అవార్డు ఆ ఏడాది నవల విభాగంలో దీనికే. భార్యను పోగొట్టుకున్న ఏబ్, భార్యాపిల్లలను పోగొట్టుకున్న డాన్ కలిసి చేపలకు పోతుంటారు. డచ్‌మన్స్ క్రీక్ అనే వాగుకు బయల్దేరిన రోజు దారిలో తినడానికి ఆగితే, అక్కడ హోవర్డ్ అనే ఆయన వాళ్లను ఆపడానికి ఒక కథ చెబుతాడు. న్యూయార్క్ నగరానికి నీళ్ల కోసం అశోకన్ రిజర్వాయర్ కట్టిన కాలం నాటి కథ. మునిగిపోయే ఊళ్లు, కూలీల శిబిరం, చచ్చిన తర్వాత లేచొచ్చిన ఒక ఆడమనిషి.

ఈ పిట్టకథ పుస్తకంలో దాదాపు సగం. చాలామంది అలిగేది దీని మీదే: ఇద్దరు మిత్రుల దుఃఖంతో మొదలై, అసలు మనుషులను బల్ల దగ్గర కూర్చోబెట్టి వందేళ్ల వెనక్కి పోయాడని. ఫిర్యాదులో న్యాయం ఉంది. మధ్యభాగంలో పేర్లు ఎక్కువ, నడక నెమ్మది. అయితే దాటేసి చదివితే చివరి భాగం అర్థంలేని రాక్షసుల ఊరేగింపులా ఉంటుంది, ఎందుకంటే అక్కడ వచ్చే సముద్రం, తాళ్లు, గాలం అన్నిటి పునాదీ పిట్టకథలోనే ఉంది. పైగా ఒక కిటుకు ఉంది. హోవర్డ్ చెప్పింది కొంతే, రాయడానికి కూర్చుంటే ఆయన చెప్పని వివరాలు కూడా తనకు తెలుస్తున్నాయని ఏబ్ ఒప్పుకుంటాడు. అన్నం తినే వేళలో చెప్పిన కథ ఇంత పొడవెలా అయిందన్న సందేహం అక్కడితో భయంగా మారుతుంది. మిగతా రచయితలు కప్పిపుచ్చుకునే లోపాన్ని లాంగన్ వాడుకున్నాడు. పిట్టకథను రెండు మూడు రోజులకు మించి లాగకండి. వారం విరామమిస్తే ఎవరి కూతురు ఎవరో మర్చిపోతారు.

బ్రామ్ స్టోకర్ ‘డ్రాకులా’ 1897 నాటిది కదా, ఇప్పుడు చదవడం ఏమిటంటారా? చదివే పద్ధతి మారింది. డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు అన్నిటికీ తారీఖులు ఉన్నాయి కాబట్టి, ఏ రోజు రాసింది ఆ రోజే ఈమెయిల్‌లో పంపే ‘డ్రాకులా డైలీ’ 2021లో మొదలైంది. మరుసటి ఏడు నుంచి బాగా పాకింది. చందా అక్కర్లేదనుకుంటే, కాపీహక్కులు ఎప్పుడో తీరిపోయిన పుస్తకం కాబట్టి ఉచిత ఈ-బుక్ దించుకుని మీరే చేసుకోవచ్చు. మే 3న మొదలు, నవంబరు మొదటి వారంలో ముగింపు.

లాభం ఎక్కడంటే, మే 19న కౌంట్ డ్రాకులా తన కోటలో బందీ అయిన లాయరు హార్కర్‌తో మూడు ఉత్తరాలు రాయించి జూన్ 12, 19, 29 అని ముందు తారీఖులు వేయిస్తాడు. తనకు మిగిలిన ఆయువు ఎంతో హార్కర్‌కు అర్థమైపోతుంది. పుస్తకంగా చదివితే ఆ తారీఖులు నాలుగు పేజీల్లో దాటిపోతాయి. రోజుల వారీగా చదివేవాళ్లకు మే 31 తర్వాత జూన్ 17 దాకా కోట నుంచి ఒక్క ముక్క ఉండదు. ఆ నిశ్శబ్దంలోనే జూన్ 12 గడిచిపోతుంది. జూన్ 30 తర్వాత ఆగస్టు దాకా హార్కర్ బతికున్నాడో లేదో తెలియదు. మరోపక్క, హార్కర్‌కు కాబోయే భార్య మీనా స్నేహితురాలు లూసీకి ఒకే రోజు ముగ్గురు పెళ్లి ప్రస్తావన తెచ్చిన సంబరపు ఉత్తరం మే 24 నాటిది. పుస్తకంలో అది కోట భాగమంతా అయ్యాక వస్తుంది, ఇక్కడ హార్కర్ బందీగా ఉన్న రోజుల నడుమ పడి ఒంటికి పట్టదు.

నష్టం ఓడ దగ్గర. వార్నా నుంచి ఇంగ్లండ్‌లోని విట్బీకి కౌంట్‌ను మోసుకొచ్చే డిమీటర్ ఓడ కెప్టెన్ చిట్టాను స్టోకర్ ఆగస్టు 8 నాటి పత్రికా వార్తలో అతికించాడు. ఓడ నడిపే చక్రానికి కట్టుకుని చచ్చిపోయిన కెప్టెన్‌ను ముందు చూస్తాం, ఆ తర్వాత తొమ్మిది మంది ఒక్కొక్కరుగా ఎలా తగ్గిపోయారో చదువుతాం. తారీఖుల ప్రకారం పోతే జూలై 6 నుంచే ఆ చిట్టా ముక్కలు ముక్కలైపోతుంది. ఈ ఒక్కచోట నియమం తప్పండి: ఓడ చిట్టాను పక్కనపెట్టి ఆగస్టు 8న ఒకేసారి చదవండి. అక్టోబరు 3కు మాత్రం తీరిక చేసుకోండి, ఆ ఒక్క రోజు రాతలే బోలెడు. కౌంట్‌ను వేటాడే ప్రొఫెసర్ వాన్ హెల్సింగ్ ఉపన్యాసాలు అప్పుడూ సాగదీతే, ఇప్పుడూ సాగదీతే.

మూడో ప్రశ్నకు, అంటే కాగితం ఎలా బతికిందన్న దానికి, స్టోకర్ అంత పకడ్బందీగా జవాబు చెప్పినవాళ్లు అరుదు. హార్కర్ షార్ట్‌హ్యాండ్‌లో రాస్తాడు. మీనాకు షార్ట్‌హ్యాండ్‌లో రాసిన ఉత్తరం దొరికితే, ఆ గీతలు చదవలేని కౌంట్ దాన్ని మంటలో వేస్తాడు. తర్వాత రాతప్రతినీ, డాక్టర్ సీవార్డ్ గొంతు ఉన్న ఫోనోగ్రాఫ్ సిలిండర్లనూ తగలబెడతాడు. మీనా టైపు చేసిన ఇంకో ప్రతి ఇనప్పెట్టెలో ఉండబట్టి కథ మిగిలింది. చివరి మాటలో హార్కరే అంటాడు, అసలు పత్రమంటూ దాదాపు ఏదీ లేదు, ఉన్నదంతా టైపు కొట్టిన కాగితాల కుప్పేనని.

నాలుగోది మార్క్ జడ్. డానియెలెవ్‌స్కీ ‘హౌస్ ఆఫ్ లీవ్స్’, 2000 నాటిది. కొత్తగా హారర్‌లోకి వచ్చేవాళ్లంతా ఎప్పుడో ఒకప్పుడు దీని దగ్గర ఆగుతారు. బయటి కొలత కంటే లోపలి కొలత పావు అంగుళం ఎక్కువ ఉన్న ఇల్లు. దాని మీద తీసిన సినిమా గురించి జంపానో అనే గుడ్డి ముసలాయన రాసిన పరిశోధన, దానికి ఆ కాగితాలు దొరికిన జానీ ట్రువాంట్ అనే కుర్రాడు చేర్చిన ఫుట్‌నోట్లు. ఎవరు మాట్లాడుతున్నారో అక్షరాల అచ్చును బట్టి తెలుస్తుంది: టైప్‌రైటర్ అచ్చు కనిపిస్తే జానీ. ‘ఇల్లు’ అనే మాట నీలం రంగులో ఉంటుంది. పుస్తకం తిప్పి, తలకిందులు చేసి చదవాల్సిన పేజీలు ఉన్నాయి కాబట్టి అచ్చుప్రతే కొనండి, అదీ రంగుల ప్రతి. పాత ప్రతి కొనేటప్పుడు నీలం అక్షరాలు ఉన్నాయో లేదో పేజీ తెరిచి చూసుకోండి.

రెండు గుర్తు రిబ్బన్లు కావాలి, ఒకటి అసలు పాఠానికి, ఒకటి ఫుట్‌నోట్‌కు. తొమ్మిదో అధ్యాయంలో కట్టడాల పేర్లు, మనుషుల పేర్లు పేజీలకు పేజీలు వరసగా ఉంటాయి. వాటిని చదవక్కర్లేదు, దారి తప్పించడానికే పెట్టాడు, కంటితో తడిమి పోండి. ఇంట్లో నడవలు ఇరుకైన చోట పేజీకి నాలుగే మాటలుంటాయి, అక్కడ వంద పేజీలు గంటలో అయిపోతాయి. లావు చూసి జంకేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. జానీ తాగుడు, ఆడవాళ్ల కబుర్లు చాలామందికి విసుగు, అందులో తప్పేం లేదు. కానీ 72వ పేజీ ఫుట్‌నోట్ అనుబంధంలో ఉన్న అతని తల్లి ఉత్తరాల వైపు పంపుతుంది. ఆ మాట విని అప్పుడే వెళ్లి చదివి రండి. వెనక్కి వచ్చాక జానీ వేరే మనిషిలా కనిపిస్తాడు. పిచ్చాసుపత్రి నుంచి రాసిన ఆ ఉత్తరాల్లో ఒకచోట తల్లే కిటుకు చెబుతుంది, తర్వాతి ఉత్తరంలో ప్రతి మాట మొదటి అక్షరం కలుపుకుంటూ పొమ్మని. పెన్సిల్ పట్టుకుని కూర్చోవాలి, అరగంటకు పైనే పడుతుంది. బయటికొచ్చే సంగతి మాత్రం రాత్రిపూట ఒంటరిగా చదవదగ్గది కాదు.