వేసవి ల్యాబా, వారం రోజుల క్యాంపా? సైన్స్ టీచరుకు ఏది మేలు?

అమెరికా హైస్కూళ్లలో సైన్స్ చెప్పేవాళ్లు సెలవుల్లో మెటీరియల్స్ సైన్స్ (లోహాలు, ప్లాస్టిక్కుల్లాంటి పదార్థాల శాస్త్రం) నేర్చుకోవాలంటే రెండు దారులు బాగా కనిపిస్తాయి. ఒకటి ఆర్‌ఈటీ (రీసెర్చ్ ఎక్స్‌పీరియన్సెస్ ఫర్ టీచర్స్). అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో, స్టైపెండ్ తీసుకుంటూ, మామూలుగా ఆరు వారాలో ఇంకా ఎక్కువో యూనివర్సిటీ ల్యాబ్‌లో పరిశోధన. రెండోది ఏఎస్ఎం అనే మెటీరియల్స్ నిపుణుల సంస్థ వాళ్ల ఉచిత మెటీరియల్స్ క్యాంపు. వారంలో అయిపోతుంది.

బడి తెరవగానే పిల్లలకు ఏం చూపించాలన్నదే మీ బెంగయితే క్యాంపుకే వెళ్లండి. అక్కడ నేర్చుకునేవి ఇలాంటివి: ఒక్క జడపిన్ను చాలు, పీరియడ్ గడిచిపోతుంది. పిన్నును ఎర్రగా కాల్చి మెల్లగా చల్లారనిస్తే తీగలా వంగి ఊరుకుంటుంది. అంతే ఎర్రగా కాల్చి చన్నీళ్లలో ముంచితే వంచబోగానే పుటుక్కుమంటుంది. అలా ముంచిన ఇంకో పిన్నును సన్నసెగ మీద నీలిరంగు తేలేదాకా వేడిచేస్తే మళ్లీ స్ప్రింగులా ఎగురుతుంది. ఉక్కు అదే, కార్బన్ అంతే. మారింది లోపలి అమరిక. మన ఊరి కమ్మరి కొడవలిని చుయ్యిమనిపించేదీ ఇందుకే.

ల్యాబ్‌లో ఇలా చేతికందేవి తక్కువ. తొలిరోజులు భద్రతా పాఠాలకే పోతాయి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు మీ బడికి రాదు. అయినా వీలున్నవాళ్లకు నా ఓటు ల్యాబ్‌కే. పుస్తకం వెనక జవాబున్న ప్రయోగాలే చేయించిన టీచరు, ప్రొఫెసరుకీ జవాబు తెలియని ప్రశ్న ముందు నిలబడేది అక్కడే. కొలంబియా యూనివర్సిటీలో టీచర్లు వరసగా రెండు వేసవులు, ఎనిమిదేసి వారాలు ల్యాబుల్లో పనిచేశారు (అన్ని సైన్సులూ, మెటీరియల్స్ ఒక్కటే కాదు). చేరకముందు వాళ్ల విద్యార్థులు న్యూయార్క్ రాష్ట్రం పెట్టే రీజెంట్స్ సైన్స్ పరీక్షల్లో మిగతా టీచర్ల విద్యార్థుల్లాగే పాసయ్యేవారు. చేరిన మూడు, నాలుగో ఏళ్లలో పాసయ్యే రేటు ఆ మిగతావాళ్ల కంటే 10.1 శాతం ఎక్కువని 2009లో ‘సైన్స్’ పత్రిక ప్రచురించింది. ఫలితం వెంటనే రాలేదు, గమనించండి. ఒక్క వేసవి వెళ్లొచ్చి ఆ లెక్కే ఆశించడం అత్యాశ.

ఇంట్లో చంటిపిల్లలుంటే, వేసవిలో ఇంకో ఉద్యోగం చేయక తప్పకపోతే ఈ చర్చే అక్కర్లేదు, క్యాంపే.

ల్యాబ్‌కి ఒప్పుకునేముందు మాత్రం ఒకటి అడగండి: రోజూ నా పక్కనుండేది ఎవరు? చాలాచోట్ల అది ప్రొఫెసర్ కాదు, పీహెచ్‌డీ విద్యార్థి. ఆ అబ్బాయో అమ్మాయో జూలైలో కాన్ఫరెన్సుకి వెళ్లిపోతే మీ చేతికి మిగిలేది బీకర్లు కడిగే పని.